యూరోపియం సోల్-జెల్ ఫిల్మ్ ఎండాక తెల్లబడుతోంది, వెలుగు కూడా తగ్గుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న:
సోల్-జెల్ పద్ధతిలో (ద్రవం, అంటే సోల్, మెల్లగా జెల్‌గా గట్టిపడేది) టీఈఓఎస్, అంటే సిలికా ఇచ్చే ద్రవంలో కొంచెం ఎంటీఈఎస్ (మిథైల్ గుంపు ఉన్న అలాంటిదే) కలిపి ఇథనాల్, నీళ్ళు, హైడ్రోక్లోరిక్ యాసిడ్ వేసి, యూరోపియం-టీటీఏ-ఫెనాంత్రోలిన్ కాంప్లెక్స్ (యూరోపియం లోహాన్ని టీటీఏ, ఫెనాంత్రోలిన్ అనే లైగాండ్‌లు, అంటే కర్బన అణువులు, చుట్టి పట్టుకున్నది) కూడా అప్పుడే వేసేసి రాత్రంతా కలిపి గాజు స్లైడ్ మీద స్పిన్ కోటింగ్ (స్లైడ్‌ని వేగంగా తిప్పుతూ పలచగా పరచడం) చేస్తున్నా. తడిగా ఉన్నప్పుడు అద్దంలా ఉంటుంది, 365 నానోమీటర్ల యూవీ కింద ఎర్రగా వెలుగుతుంది కూడా. తెల్లారేసరికి పాలు చల్లినట్టు తెల్లబడిపోతోంది, వెలుగు సగం కూడా ఉండట్లేదు. మందం కోసం ఇంకో కోటు వేస్తే పగుళ్ళు. నెల రోజులుగా ఇదే పని, చాలా నిరాశగా ఉంది.

జవాబు 1:
మొదట్లోనే కాంప్లెక్స్ వేయడమే తప్పండి. ఆ యాసిడ్‌లో టీటీఏ ప్రోటాన్ పట్టుకుని యూరోపియంని వదిలేస్తుంది, ఆ ఖాళీలో నీళ్ళు, సిలనాల్స్ (సిలికాన్‌కి ఓ-హెచ్ తగిలిన గుంపులు) వచ్చి కూర్చుంటాయి, వాటి ఓ-హెచ్ కంపనాలు ఎనర్జీ మొత్తం లాగేసుకుంటాయి. హైడ్రాలిసిస్ (టీఈఓఎస్ నీళ్ళతో చర్య జరపడం) పూర్తయ్యాక పీహెచ్‌ని 5-6 దాకా తెచ్చి అప్పుడు కలపండి, కాకపోతే ఆ పీహెచ్ దగ్గర సోల్ త్వరగా జెల్ అయిపోతుంది కాబట్టి వెంటనే కోటింగ్ చేసేయాలి. వెలుగు స్పెక్ట్రమ్ తీస్తే 592, 612 నానోమీటర్ల దగ్గరి పీకులు పోల్చి చూడండి. 592ది చుట్టూ ఏమున్నా పెద్దగా మారదు, 612ది మాత్రం లైగాండ్ అమరికను బట్టి బాగా మారుతుంది. 612 పడిపోతే లైగాండ్ ఊడిందని అనుకోవచ్చు.

జవాబు 2:
తెల్లబడటానికి ఇంకో కారణం, ఇథనాల్ ముందు ఆరిపోయి నీళ్ళు మిగులుతాయి, అందులో కాంప్లెక్స్ కరగదు కదా, గింజలు కడుతుంది. కాంప్లెక్స్‌ని కొద్దిగా డీఎంఎఫ్ అనే ద్రావణిలో కరిగించి పోయండి, కోటింగ్ ముందు 0.2 మైక్రాన్ ఫిల్టర్ తప్పనిసరి. అసలు పరిష్కారం అంటే లైగాండ్‌కే ట్రైఇథాక్సీసైలిల్ గుంపు తగిలించడం, అప్పుడది సిలికా వలలోనే కట్టుబడిపోతుంది, సింథసిస్ కష్టమే కానీ నేనైతే అదే చేస్తా. పగుళ్ళకి ఎంటీఈఎస్ పాళ్ళు పెంచండి, పలచటి కోట్లు వేసి మధ్యలో మూత పెట్టి నెమ్మదిగా ఆరబెట్టి 80-100 డిగ్రీల దగ్గర ఉంచండి. ప్యూర్ సిలికాకి చేసినట్టు 500 డిగ్రీలకి తీసుకెళ్తే లైగాండ్ కాలిపోతుంది.

అడిగినవారు:
కలిపే వరుస మార్చాను, ఫిల్మ్ ఈరోజుకి కూడా క్లియర్‌గానే ఉంది, చాలా చాలా థాంక్స్! కానీ మధ్యలో డల్‌గా, స్లైడ్ అంచుల్లో బాగా ఎర్రగా కనిపిస్తోంది, కోటు సమంగా పడలేదంటారా?

జవాబు 3:
కోటు తప్పు కాకపోవచ్చండి. ఫిల్మ్‌లో పుట్టిన వెలుగులో చాలా భాగం గాజులోనే లోపలికి పరావర్తనం అవుతూ అంచుల్లోంచి బయటికొస్తుంది, అందుకే అలా. కంటితో కాకుండా ఒకే కోణంలో, ఒకే స్పాట్‌లో కొలిచి పోల్చండి. యూవీ కింద మాత్రం ఎక్కువసేపు వదిలేయొద్దు, టీటీఏ కాంప్లెక్సులు ఆ వెలుతురుకే మెల్లగా పాడైపోతాయి.