"కాకితమందలి"లో కియా, గియా? శ్రీనాథుడి పాదం

గోదారి గట్టు
రాజమండ్రి మెయిన్ రోడ్డు మసీదు గుమ్మం మీద 1324 నాటి ఫారసీ శాసనం ఉంది కదా, నిన్న అటు పని పడి వెళ్ళి దాని ముందు కాసేపు నిలబడిపోయాను. నాకు అందులో ఒక్క ముక్క చదవడం రాదు. అయినా వదిలి రాబుద్ధి కాలేదు. అప్పట్నుంచీ భీమేశ్వర పురాణం అవతారికలోని పాదం ఒకటి నోట్లో ఆడుతోంది: "కన్నుల పండువై యమరుఁ గాకితమందలి వర్ణపద్ధతుల్". రాజమండ్రి రెడ్డిరాజుల మంత్రి బెండపూడి అన్నయ ఫారసీలో రాసిన ఉత్తరం చూసి, ఆ దస్తూరీ మీద శ్రీనాథుడు చెప్పింది. పై మూడు పాదాలూ నాకు ముక్కముక్కలుగానే వస్తున్నాయి. అడిగేది ఒక్కటే: "గాకిత"మా, "గాగిత"మా? మా ఇంట్లో గి అనేవారు. చదువుకున్న పుస్తకంలో కి ఉన్నట్టు గుర్తు.

యతిస్థానం
ఉత్పలమాల. పదో అక్షరం "గా", మొదటి "క"తో యతి కుదిరింది. ప్రాస "న్న" దగ్గరే తీరిపోయింది. "గాకిత" అన్నా "గాగిత" అన్నా భగణమే. కాబట్టి ఛందస్సు ఈ కేసులో సాక్ష్యం చెప్పదు. చెవిని అడిగితే మాత్రం కి అంటుంది. గా వెంటనే గి పడితే పద్యం నత్తి కొడుతుంది. శ్రీనాథుడు అలాంటి పని చెయ్యడు.

ద్రాక్షారామం మాస్టారు
ఎవరి చెవండీ? "అమరున్" ద్రుతాంతం, అంటే చివర న్ ఉంది, అందుకని దాని తర్వాతి పరుషం క కాస్తా సరళం గ అయింది. విడదీస్తే కాకితమో, కాగితమో. ఫారసీలో కాగజ్, దానికే కాగద్ అని మరో రూపం. కన్నడం వాళ్ళు "కాగద" అని ఉంచేసుకున్నారు. నడుమ ఉన్నది సరళం కాబట్టి గి. కి ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, తమిళంలో క, గలకి ఒకటే లిపి. మన తాళపత్రాలు తంజావూరు తిరిగొచ్చినప్పుడు అంటుకొచ్చి ఉంటుందని నేను ఎప్పట్నుంచో అంటున్నాను.

యతిస్థానం
ఎప్పట్నుంచో అంటున్నారు, నిజమే. తంజావూరులో మన లేఖకులు తెలుగు పద్యాలు తెలుగు లిపిలోనే రాసుకున్నారు మాస్టారూ. తెలుగు క తెలుగు గ లాగా కనబడదు.

నరసాపురం లేసు
కాగితం మీది పద్యాన్ని తాటాకు మీద గంటంతో గీసినవాడికి కి అయితేనేం, గి అయితేనేం! మీరిద్దరూ ఎప్పుడూ ఇలా అక్షరం పట్టుకుని వేలాడతారు, పక్కన "వర్ణ" అని అంత పెద్ద మాట ఉంటే ఎవరూ తాకరు. వర్ణమంటే అక్షరమా, రంగా? అక్షరాల వరస చూడముచ్చటగా ఉందన్నాడా, రంగుల తీర్పు బాగుందన్నాడా? నా ఓటు శ్లేషకి. ఆ ఉత్తరం ఎవరికి వెళ్ళిందో చూడండి. పద్యంలో "అహమ్మదు" అని ఉంది. బహమనీ సుల్తాను అహ్మద్ షా అని పండితులు చెప్పేదే. బీదరు పక్కన అష్టూరులో ఆయన సమాధి లోపలికి ఎప్పుడైనా వెళ్ళారా? గోడల నుంచి గుమ్మటం నడినెత్తి దాకా అక్షరాలే. నీలం మీదా, సింధూరం మీదా బంగారు రాత. అందులో షా నియామతుల్లా అనే సూఫీ చెప్పిన పద్యాలూ ఉన్నాయి. ఆ దర్బారుకి వెళ్ళే ఉత్తరాన్ని పొగడ్డానికి "వర్ణ" కంటే సరైన మాట ఏముంది?

యతిస్థానం
శ్లేష బాగుంది, లెక్క బాగాలేదు. అహ్మద్ షా పోయింది 1436లో. సమాధి ఆ తర్వాత లేచింది. పురాణం చెప్పేనాటికి ఆయన బతికే ఉన్నాడు, ఉత్తరాలు అందుకుంటున్నాడు. పైగా ఉత్తరం బీదరు నుంచి రాలేదు, రాజమండ్రి నుంచి వెళ్ళింది. రాసినవాడు మన నియోగి.

నరసాపురం లేసు
సమాధి చూసి పద్యం చెప్పాడని నేను అన్నానా? ఆ రుచి ఆ రోజుల్లో దక్కనంతా ఉందన్నాను. బీదరులోనే మహమూద్ గవాన్ మదరసా చూడండి, 1472. మినారు చుట్టూ పెంకు పలకల మీద ఇంతింత అక్షరాలు. మసీదులోనూ మదరసాలోనూ బొమ్మలు పెట్టరు, ఆ పనంతా అక్షరం చేస్తుంది. మన గుడికి శిల్పం ఎంతో వాళ్ళకి రాత అంత.

సాయిబు గారి మనవడు
మాట్లాడొచ్చా అండీ? మాది కోనసీమే. ఉర్దూ చదువుతాను, ఫారసీ కూడబలుక్కుంటాను. అక్షరం రంగులోనే ఉండాలని లేదు. నల్ల సిరాతో మంచి చెయ్యి పడితే చాలు, కలం కోణం మారేకొద్దీ గీత లావై సన్నమై దానికదే నగిషీ. గోల్కొండ సమాధుల్లో నల్లరాతి మీద చెక్కిన రాతలకి రంగేమీ లేదు, వాటి ముందు నుంచి కదలగలరా? నా మటుకు "పద్ధతుల్" అన్నదే కీలకం. పద్ధతి అంటే బాట, వరస. ఫారసీ ఉత్తరంలో పంక్తి తిన్నగా పోదు, చివర పైకి లేస్తుంది. అది కళ్ళారా చూసినవాడు అన్న మాట ఇది.

ద్రాక్షారామం మాస్టారు
బాబూ, చాలా బాగా చెప్పారు. ఇప్పుడు మీరే తేల్చండి, కియా, గియా?

సాయిబు గారి మనవడు
మా ఇంట్లో కాగజ్ అండీ. మీ తగువులోకి నన్ను లాగకండి.

పాలకొల్లు కుర్రాడు
నాదో పిచ్చి ప్రశ్న. ఆ మసీదు వేణుగోపాలస్వామి గుడి చోట కట్టారని మా ఊళ్ళో అందరూ అంటారు. మరి నూరేళ్ళు తిరక్కుండానే, కొంచెం అటూ ఇటూగా, అదే రాజమండ్రిలో కూర్చుని శ్రీనాథుడు ఫారసీ అక్షరాన్ని కన్నుల పండుగ అన్నాడా? ఆయనకి ఏమీ అనిపించలేదా?

గుంపు నిర్వాహకులు
గుడి, మసీదు తగాదా ఇక్కడ వద్దు. పద్యం వరకే.

నరసాపురం లేసు
తగాదా ఏముందండీ, అడగాల్సిన ప్రశ్నే. సైన్యం ఢిల్లీ నుంచి వచ్చింది, 1323లో ఓరుగల్లు పడింది, ఆ మరుసటేడే ఆ శాసనం. అది గెలిచినవాడు పెట్టిన గుర్తు. అన్నయమంత్రి ఫారసీ అలాంటిది కాదు. తన రాజు పని మీద తన చేత్తో తను రాసుకున్నది. లిపి అదే, చెయ్యి మారింది. శ్రీనాథుడు పొగిడింది ఆ చేతిని. "అరబీభాష తురుష్కభాష" అంటూ అన్నయకి వచ్చిన భాషలన్నీ వరసపెట్టింది కూడా ఇందుకే. అది మన మంత్రి గొప్ప.

యతిస్థానం
దానికి కర్ణాట సాక్ష్యం కూడా ఉంది. విజయనగర రాజులు "హిందూరాయ సురత్రాణ" అని బిరుదు పెట్టుకున్నారు. సుల్తాన్ అన్న మాటని సంస్కృతం చేసి, సురలను త్రాణం చేసేవాడని అర్థం కూడా అతికించుకున్నారు! హంపీలో ఏనుగుల సాలకి గుమ్మటాలు, లోటస్ మహలుకి కమానులు. వాటిలో తిరిగినవాళ్ళు తాము తురకలమయ్యామని అనుకోలేదు. శ్రీనాథుడే అక్కడికి వెళ్ళినప్పుడు "కుళ్లాయుంచితి, కోక సుట్టితి" అని వాపోయాడు. ఆ కుళ్లాయి, అంటే టోపీ, ఫారసీ కులాహే.

ద్రాక్షారామం మాస్టారు
వాపోయాడు కదా? అంటే నచ్చలేదనేగా! అదే పద్యంలోని వెల్లుల్లీ తిలపిష్టమూ (నువ్వుల పిండి) కూడా నచ్చలేదు. శ్రీనాథుడికి తన ఊరి తిండి తప్ప ఏదీ నచ్చదు. పలనాటి జొన్నకూటి మీద చెప్పినవి మొదలుపెడితే తెల్లారిపోతుంది.

యతిస్థానం
ఆ పలనాటి చాటువుల్లో సగం ఆయనవి కావు.

ద్రాక్షారామం మాస్టారు
సరే, మొదలెట్టారూ! మిగతా సగం ఎవరివో చెప్పండి మరి.

సాయిబు గారి మనవడు
యతిస్థానం గారు ఇందాక గుమ్మటం అన్నారు కాబట్టి ఒక్క మాట. మా ఊరి పాత మసీదుకి గుమ్మటం లేదండీ. పెంకులు, టేకు దూలాలు, ముందు వసారా, పక్కన నుయ్యి. బయటి నుంచి చూస్తే కరణంగారి లోగిలి అనుకునేవారు, పడమటి గోడలో నమాజు దిక్కు చూపే మెహరాబు గూడు చూస్తేగానీ తెలిసేది కాదు. కువైట్ డబ్బులొచ్చాక పడగొట్టి, స్లాబు వేసి, పచ్చరంగు గుమ్మటమూ నాలుగు మినార్లూ లేపారు. ఇప్పుడు కాలవ అవతల్నుంచి కూడా మసీదని తెలుస్తుంది. మావాళ్ళకి అదే కావాలి. నేను పాతదాని గురించి మాట్లాడితే, "ఏం, మసీదులా కనబడితే నీకు నామోషీయా?" అంటారు. మదీనాలో ప్రవక్త కట్టిన మసీదుకి ఖర్జూరపు మొద్దులే స్తంభాలు, ఆకులే కప్పు. గుమ్మటమూ లేదు, మినారూ లేదు. మినార్లు ఆ తర్వాత ఉమయ్యద్ ఖలీఫాల నాడు వచ్చాయి. ఆ లెక్కన కోనసీమ తాటాకు పందిరే దానికి దగ్గర చుట్టం.

పాలకొల్లు కుర్రాడు
అన్నా, పాత మసీదు ఫోటో ఏమైనా ఉందా?

సాయిబు గారి మనవడు
పెళ్ళి ఫోటోల్లో వెనకాల ఓ మూల కనబడుతుంది తమ్ముడూ. పెడతాను.

నరసాపురం లేసు
మీవాళ్ళ మాటనీ కొట్టిపారెయ్యలేనండీ. ఊళ్ళో అందరి కప్పూ ఒకటే అయినన్నాళ్ళు ఎవరూ ఎవరికీ ఏమీ చూపించుకోనక్కర్లేదు. గుళ్ళకి సిమెంటు గోపురాలూ రంగుల బొమ్మలూ లేచిందీ ఈ రోజుల్లోనే కదా! నాకు రెండూ నచ్చవు. అష్టూరులో అయితే ఉరుసు జరిపించడానికి ఇవాళ్టికీ జంగమయ్య వస్తాడు. లింగాయతులకి ఆ అహ్మద్ షా తమ గురువు అల్లమ ప్రభువు అవతారం. గుమ్మటం ఎవరిదని అక్కడికెళ్ళి అడగండి.

యతిస్థానం
గుమ్మటం అన్నారు కాబట్టి. ఫారసీ గుంబద్. "ంబ" కాస్తా "మ్మ" అయింది సరే, ద పోయి ట ఎలా వచ్చింది? మాస్టారి సిద్ధాంతం ప్రకారం ఇదీ తంజావూరేనా?

ద్రాక్షారామం మాస్టారు
వెటకారం అలా ఉంచండి. తమిళంలోనూ "కుమ్మట్టం" ఉంది. నేను చెప్పిన దారే.

గోదారి గట్టు
బాబ్బాబు, నా కి సంగతి?

యతిస్థానం
కి.

ద్రాక్షారామం మాస్టారు
గి. ఎవరి దగ్గరైనా పాత అచ్చు ప్రతి ఉంటే ఆ పుట ఫోటో తీసి పెట్టండి, దిగువ పాఠాంతరాలతో సహా. కొత్త అచ్చులు నేను ఒప్పుకోను.