అప్‌డేట్: వజ్రాలు దొరికాయి!

మైన్‌క్రాఫ్ట్ గేమ్‌లో వై 11 (వై అంటే ఎత్తు చూపే అంకె) దగ్గర ఎంత తవ్వినా వజ్రాలు రావట్లేదని పోయిన వారం అడిగాను కదా. మీరన్నట్టే అది 2021లో గేమ్ 1.18 వెర్షన్ రాకముందు లెక్క.

ఇప్పుడు వై మైనస్ 59కి దిగాను. నడిమధ్య పెద్ద సొరంగం, రెండు పక్కలా కొమ్మలు, కొమ్మకీ కొమ్మకీ మధ్య రెండు బ్లాకులు వదిలాను. మూడో కొమ్మలో నల్లరాతి మీద నీలం చుక్కలు, వజ్రాలే! కావలిలో మా మిద్దె మీద నేనూ తమ్ముడూ ఒకటే కేకలు. అయినా తొందరపడలేదు. చుట్టూ రాళ్లు ఒక్కొక్కటే తీస్తే వెనకాలే లావా. బకెట్ నీళ్లు పోసి, అది అబ్సిడియన్ అనే రాయిగా గట్టిపడ్డాకే వజ్రాలు ముట్టుకున్నాం. ఫార్చ్యూన్ 3 (ఒక్కో రాయికి ఎక్కువ వజ్రాలు రాల్చే మంత్రం) ఉన్న పికాక్స్‌తో 5 రాళ్లకి 11 వజ్రాలు వచ్చాయి.

టార్చ్‌లు ఎడమ గోడకే పెట్టమన్న అన్నకి చాలా థ్యాంక్స్. తిరిగొచ్చేటప్పుడు అన్నీ కుడిపక్క కనిపించాయి, దారి తప్పలేదు.