అప్‌డేట్: ఉప్పు వేశాను, పాలు గడ్డకట్టాయి

చేత్తో తిప్పే ఐస్‌క్రీమ్ బకెట్‌లో నిండా ఐసు వేసి గంటసేపు తిప్పినా పాలు పాలలాగే ఉన్నాయి, కారణం ఏమిటని పోయిన వారం అడిగాను. ఉప్పు కలపమన్నవారే నెగ్గారు. ఐసు కరుగుతున్నంతసేపూ సున్నా డిగ్రీల దగ్గరే ఉంటుంది. చక్కెర కరిగిన పాలు గడ్డకట్టాలంటే అంతకన్నా రెండు మూడు డిగ్రీలు కిందికి దిగాలి. ఇక నేనెంత తిప్పితే ఏం లాభం, భుజం నొప్పి తప్ప!

నిన్న మూడు వంతుల ఐసుకు ఒక వంతు నౌపడ కల్లుప్పు వేశాను. మా అబ్బాయి కాలేజీలో అడిగి తెచ్చిన థర్మామీటరు మైనస్ 14 చూపింది. బకెట్ లోపలి డబ్బా మీద చెమ్మ తెల్లటి పొరగా పేరుకుంది. ఇరవై నిమిషాలకు పిడి బిగుసుకుపోయింది. ఉప్పూ ఐసూ కలిస్తే మైనస్ 21 దాకా దిగవచ్చట. శ్రీకాకుళం మే ఎండలో నాకు ఇదే గొప్ప. మూత సరిగా బిగించక అంచున ఒక చెంచాడు ఉప్పగా అయింది, అది నా వాటాకు వచ్చింది.

ఎసట్లో ఉప్పు వేస్తే అన్నం త్వరగా ఉడుకుతుందా అని మా అత్తయ్య అడిగారు. లీటరు నీటికి 58 గ్రాములు వేసినా మరిగే వేడి పెరిగేది సుమారు ఒక్క డిగ్రీ. ఆ అన్నం ఎవరు తింటారు? తేడా కళ్ళారా చూడాలంటే చక్కెర పాకమే: నీరు ఇంకేకొద్దీ మరిగే వేడి పెరిగి, ఉండపాకానికి 112 దాటుతుంది.