లాబీ పోస్టర్లు: బొమ్మ ఏఐతో సరే, అక్షరాలూ అచ్చూ ఎలా?

తెరతాడు (జేపీ నగర్, బెంగళూరు):
మా సమాజం వచ్చే నెల తెలుగు సాంఘిక నాటకం వేస్తోంది. లాబీలోకి ఏ2 పోస్టర్లు నాలుగు కావాలి. ఏఐ బొమ్మ స్క్రీన్ మీద బాగానే ఉంది, ప్రూఫ్ తీస్తే మసక. నాటకం పేరులో ఒత్తులు చెదిరిపోయాయి. పాత్రల కట్టూబొట్టూ కూడా మనవాళ్లలా లేవు. తెలిసినవాళ్లు చెప్పండి.

అచ్చుపని:
ముందు మసక సంగతి. ఈ టూల్స్ మామూలుగా ఇచ్చే నిలువు బొమ్మ 1024×1536 పిక్సెళ్లు. ఏ2 వెడల్పు 420 మి.మీ., అంటే పదహారున్నర అంగుళాలు. భాగించి చూడండి, 62 డీపీఐ (అంగుళానికి పడే చుక్కలు) కూడా దాటదు. లాబీలో జనం రెండు మూడు అడుగుల దూరంలో నిలబడి చూస్తారు, కనీసం 150 ఉండాలి. అప్‌స్కెయిల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో 4 రెట్లు పెంచితే 4096×6144 అవుతుంది, దాదాపు 248 డీపీఐ. పెంచకముందే వేళ్లు, కళ్లు, నగలు దిద్దుకోండి. తర్వాతైతే తప్పు కూడా పదునెక్కి కూర్చుంటుంది. పెంచాక చర్మం మైనంలా నున్నబడుతుంది, పైన సన్నటి గ్రెయిన్ (ఇసకలాంటి చుక్కలు) చల్లితే ఆ నునుపు విరుగుతుంది.

ఇంకొకటి. ఏ2 నిష్పత్తి 1:1.414, మీ బొమ్మది 1:1.5. నాలుగు వైపులా 3 మి.మీ. బ్లీడ్ (కత్తిరింపు కోసం అంచు బయటికి వదిలే బొమ్మ) కలుపుకున్నా, పెంచిన బొమ్మలో పైనో కిందో సుమారు 375 పిక్సెళ్లు కోతకు పోతాయి. పాదాలూ దీపం వెలుగూ అంచుకి ఆనకుండా చూసుకోండి.

ఒత్తులు_దీర్ఘాలు:
పేరు బొమ్మలోనే రాయించకండి. ఏఐ అక్షరాలు కూర్చదు, అక్షరంలా కనిపించే ఆకారం గీస్తుంది. తెలుగు, కన్నడ లిపులు దగ్గరవి కాబట్టి సగం తలకట్టు ఇటు, సగం అటు వస్తుంది. బెంగళూరులో రెండు భాషలవాళ్లూ ఇట్టే పట్టేస్తారు. ప్రాంప్ట్‌లో (ఏఐకి రాసిచ్చే సూచనలో) ‘అక్షరాలు వద్దు’ అని రాస్తే ఒక్కోసారి అక్షరాలే వస్తాయి. స్టేబుల్ డిఫ్యూజన్ అనే బొమ్మల ఏఐలో, రాకూడనివి రాయడానికి నెగటివ్ ప్రాంప్ట్ పెట్టె ఉంది, అక్కడ రాయండి. ప్రాంప్ట్‌లో ‘పై మూడో వంతు ఖాళీ ఆకాశం’ అనండి.

అక్షరాలు ఇంక్‌స్కేప్ అనే ఉచిత డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేయండి, ఒత్తులు సరిగ్గా కూర్చుంటాయి. పాత ఫోటోషాప్ అయితే టైప్ సెట్టింగుల్లో దక్షిణాసియా లిపుల ఎంపిక పెట్టాలి, లేకపోతే ఒత్తు విడిపోయి పక్కన పడుతుంది. పేరుకి రామభద్ర, చిన్న వివరాలకి మండలి బాగుంటాయి. రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. ఏ ఫాంటైనా ముందు ‘స్త్రీ’, ‘లక్ష్మి’, ‘శాస్త్రి’ అని కొట్టి చూడండి. వరుసల ఎడం అక్షరం సైజుకి 1.4 రెట్ల కంటే తగ్గిస్తే పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల మీద పడతాయి. అన్నీ అయ్యాక అక్షరాలని పాత్‌గా (ఫాంట్ అక్కర్లేని గీతల ఆకారంగా) మార్చి పీడీఎఫ్ ఇవ్వండి. ప్రెస్ వాళ్ల దగ్గర మీ ఫాంట్ ఉండదు.

రంగాలంకరణ:
కట్టూబొట్టూ గురించి నేను చెబుతాను. ‘ఇండియన్ విలేజ్’ అంటే తరచూ ఉత్తరాది తలపాగాలూ మట్టి గుడిసెలే వస్తాయి. వస్తువు పేరు కాదు, ఆకారం చెప్పాలి. ‘మండువా’ అని వదిలేయకుండా ‘నాలుగు పక్కలా పెంకుల వసారా, నడుమ ఆకాశానికి తెరిచిన వాకిలి’ అని రాయండి. పంచె రంగు, అంచు వెడల్పు, కండువా ఏ భుజం మీదో కూడా చెప్పండి.

కూర్పు కోసం బొమ్మని అద్దంలోలా తిప్పేస్తారు చూడండి, అది చాలా పెద్ద తప్పు. ఎడమ భుజం మీది పైట కుడికి పోతుంది, వీణ ఎడమచేతివాళ్లదవుతుంది. మన ప్రేక్షకులు ముందు చూసేది అదే.

నన్నడిగితే నాలుగు పోస్టర్లకీ ముఖాలే వద్దు. వేదిక మీద వేరే మనిషి కనిపిస్తాడు, జనం పోల్చుకుంటారు. నాటకంలో నిజంగా వాడే ట్రంకుపెట్టె, కిరసనాయిలు దీపం, తాంబూలం పళ్లెం తీసుకోండి. వెలుగు గురించి రాసే వాక్యం నాలుగింటికీ ఒక్కటే ఉంచితే ఒకే నాటకానివని తెలుస్తుంది.

తెరతాడు:
నటుల ఫొటోలు ఎక్కించి వాళ్ల పోలికతోనే చేయిస్తే?

రంగాలంకరణ:
వాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే చేయండి. అప్పుడు కూడా మామూలు ఫొటో మేలండీ. ఏఐ తరచూ వయసు తగ్గించి, రంగు తెల్లబరిచి ఇస్తుంది. నటుడి ముఖాన్ని అలా మార్చడం మర్యాద కాదు.

అచ్చుపని:
రంగులు. స్క్రీన్ మీద మెరిసే ఊదా, ముదురు నీలం సీఎంవైకేలో (అచ్చు సిరాలు నాలుగు: సి సియాన్, ఎం మెజెంటా, వై పసుపు, కె నలుపు) చప్పబడతాయి. రాత్రి దృశ్యమైతే నీడలు కాస్త లేపండి, లేకపోతే నల్లటి ముద్ద అవుతుంది. పెద్ద నల్ల నేపథ్యానికి శాతాల్లో సి60 ఎం40 వై40 కె100, చిన్న అక్షరాలకి కె100 ఒక్కటే. నాలుగు రంగులూ కలిపితే సన్నటి గీతలు జరిగి నీడలు పడతాయి. ఏ4 కాగితం మీద ఒక మూల అసలు సైజులో తీయించి, లాబీ దీపాల కిందే చూడండి.

ఫ్లెక్స్ జోలికి పోవద్దు, బెంగళూరులో 2018 నుంచి నిషేధం. కాగితం ప్రింటుని 5 మి.మీ. సన్‌బోర్డు (తేలికైన ఫోమ్ పలక) మీద అంటించి మ్యాట్ ల్యామినేషన్ వేయించండి. గ్లాసీ అయితే ట్యూబులైటు మెరుపు తప్ప ఏమీ కనపడదు. గోడకి అంటించే ముందు హాలు వాళ్లని అడగండి, లేదంటే స్టాండు మీద పెట్టండి.

తెరతాడు:
టికెట్ల క్యూఆర్ ఎంత ఉండాలి?

ఒత్తులు_దీర్ఘాలు:
స్కాన్ చేసే దూరంలో పదో వంతు. 60 సెం.మీ. నుంచి అయితే 6 సెం.మీ. తెల్ల చతురస్రం మీద నల్లగా, చుట్టూ కోడ్‌లోని చిన్న గడులు నాలుగింటంత ఖాళీతో ఉండాలి. ఏఐ చేత గీయించకండి, దాన్ని ఫోను చాలాసార్లు చదవదు. ల్యామినేషన్ అయ్యాక రెండు ఫోన్లతో స్కాన్ చేసి చూడండి.