అప్‌డేట్: ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీనా, 4060 8 జీబీనా? తేలిపోయింది

బ్లెండర్ (3డీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్) పనికి ఈ రెండు గ్రాఫిక్స్ కార్డుల్లో ఏది కొనాలని ఇక్కడ అడిగింది నేనే. ముందు మీ సీన్ ఎంత కార్డు మెమరీ (ఆ 12, 8 జీబీలు అదే) తింటుందో చూడమన్నవారికి థ్యాంక్స్, దాంతోనే తేలింది. తమ్ముడి 4060లో నా ఇంటీరియర్ సీన్ రెండర్ (చివరి బొమ్మ తయారీ) పెడితే మెమరీ చాలక మధ్యలోనే ఆగిపోయింది. టెక్స్చర్లు (వస్తువుల పైన అతికించే బొమ్మలు) సగానికి తగ్గించాక మాత్రం చకచకా అయిపోయింది, వేగంలో వంక లేదు. కానీ సోఫా గుడ్డ నేత అలికేసినట్టయింది. క్లయింటుకి అదెలా చూపిస్తాను? అందుకే 3060 తీసుకున్నాను. అదే సీన్ ఆగకుండా పూర్తయింది.

3060లో 3584 కోర్లు (లెక్కలు చేసే భాగాలు), 4060లో 3072 కోర్లు అని రాత్రంతా వేసిన లెక్కలు దండగే. తరాలు వేరు కాబట్టి, కోర్లు తక్కువున్న 4060నే వేగం. 3060కి 170 వాట్లు కావాలని పడ్డ టెన్షన్ కూడా వృథా, నా పాత 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటిచ్చే యూనిట్) సరిపోయింది.

అన్నట్టు, 3060లో 8 జీబీది కూడా ఉంది. పెట్టె మీద చూసి కొనండి.