అప్‌డేట్: బోస్నియా అమ్మాయి పేరు ‘ఎమినా’కి అర్థం దొరికింది

వియన్నాలో ఉంటున్న మా తమ్ముడు, బోస్నియా నుంచి వచ్చిన మా మరదలు పాపకి ఎమినా అని పేరు పెట్టుకున్నారని, దాని అర్థమేంటని ఇక్కడే అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

టర్కీ వైపు వెతకమన్న సలహాయే పనికొచ్చింది. అసలు పేరు అరబిక్ ‘ఆమిన’, ప్రవక్త ముహమ్మద్ తల్లి పేరు. నమ్మదగినది, క్షేమంగా ఉన్నది అనే అర్థాలు చెబుతారు. టర్కీలో అది ఎమినె. 1463 తర్వాత టర్కీ ఒట్టోమన్ల పాలనలో బోస్నియాకి చేరి, అక్కడి ఆడవాళ్ల పేర్లలాగే ‘ఆ’తో ముగిసి ఎమినా అయింది. మన మీనాతో గానీ, ఎమిలీతో గానీ చుట్టరికం లేదు.

మరదలి వాళ్ల పిన్నిది బోస్నియాలోని మోస్తార్ అనే ఊరు. ఫోన్ చేస్తే అర్థం రెండు ముక్కల్లో తేల్చేసి, పాట అందుకున్నారు! మోస్తార్ కవి అలెక్సా శాంతిచ్ 1902లో రాసిన ‘ఎమినా’ అట. ఇమాం గారి అమ్మాయి, తోటలో మల్లెపొద పక్కన, చేతిలో నీళ్ల కూజా. కవి సలాం చెబితే పట్టించుకోకుండా గులాబీలకి నీళ్లు పోస్తూ ఉంటుంది. రాసింది సెర్బ్ (క్రైస్తవ) కవి, పాటలో ఉన్నది ముస్లిం అమ్మాయి; నాకు బాగా నచ్చింది ఇదే. సెవ్దాలింకా అనే వాళ్ల ప్రేమపాటల్లో ఇది చాలా ఫేమస్. మోస్తార్‌లో ఎమినా విగ్రహం కూడా ఉంది.

నక్షత్రం ప్రకారం అక్షరం కలవలేదని అమ్మ టెన్షన్ పడింది. బారసాలకి ఇంకో పేరు చెవిలో చెబుతాం, అంతే.