డిప్లొమా అయిపోతోంది, ఊరి నుంచే వ్యవసాయ పరిశోధన వైపు పోవాలంటే?

చెలకనేల (దేవరకొండ వైపు)
మా తమ్ముడు అగ్రికల్చర్ డిప్లొమా ఆఖరి సెమిస్టర్‌లో ఉన్నాడు. పురుగుమందుల షాపులో కూర్చోవడం ఇష్టం లేదు, పరిశోధన వైపు పోతానంటున్నాడు. ఇంటి కింద మూడెకరాల ఎర్ర చెలక ఉంది. వాలు చేను, వానాకాలం కంది, పత్తి వేస్తాం. డిప్లొమాతో ఏం పని దొరుకుతుంది? మా చేన్లోనే ఒక ట్రయల్ వేసి చూపిస్తే పనికొస్తుందా?

పాలెం రోడ్డు
సైంటిస్టు కావాలంటే డిప్లొమా దగ్గర ఆగితే కుదరదన్నా. ఆగ్రిసెట్ (డిప్లొమా వాళ్లకు పెట్టే ప్రవేశ పరీక్ష) రాసి బీఎస్సీ అగ్రికల్చర్, తర్వాత రెండేళ్ల ఎమ్మెస్సీ, ఆపైన పీహెచ్‌డీ. పరిశోధన ప్రాజెక్టుల్లో తాత్కాలికంగా తీసుకునే యంగ్ ప్రొఫెషనల్ పోస్టులకు కూడా సాధారణంగా డిగ్రీ అడుగుతారు. డిప్లొమాతో దొరికేవి ఫీల్డ్ అసిస్టెంట్ పనులు, విత్తన కంపెనీల ట్రయల్ ప్లాట్లు చూసుకునే పనులు. ప్రాజెక్టు పోస్టయితే ప్రాజెక్టుతోపాటే పోతుంది, కాబట్టి చేరేముందు నోటిఫికేషన్‌లో గడువు చదవండి.

మీకు దగ్గర్లో కంపాసాగర్ కేవీకే (కృషి విజ్ఞాన కేంద్రం) ఉంది. కంది, ఆముదం మీద ఆసక్తి ఉంటే బిజినేపల్లి మండలంలోని పాలెం పరిశోధన స్థానం. వానాకాలం ప్రణాళిక ముందే ఖరారవుతుంది, జూన్‌లో వాన పడ్డాక పోతే ఎవరికీ మాట్లాడే తీరిక ఉండదు. ఎండాకాలంలోనే పోయి, మా చేన్లో ఓఎఫ్‌టీ (రైతు చేన్లోనే పోల్చి చూసే ట్రయల్) పెట్టండని అడగమనండి. వాళ్లు పెట్టే ఇంకోటి ఎఫ్‌ఎల్‌డీ, అంటే మంచిదని ముందే తేలిన రకాన్ని ఎకరంలో వేసి పది మందికి చూపించడం. నేర్చుకోవడానికి ఓఎఫ్‌టీయే మేలు.

మూడు_వరసలు
సొంత ట్రయల్ తప్పకుండా వేయమనండి, కానీ లెక్క ప్రకారం. ఎకరంలో ఒక రకం, పక్క ఎకరంలో ఇంకో రకం వేస్తే అది ట్రయల్ కాదు, తేడా రకానిదో నేలదో ఎవరూ చెప్పలేరు.

నాలుగు కంది రకాలు, మూడు రెప్లికేషన్లు (ప్రతి రకాన్నీ మూడుసార్లు వేయడం), మొత్తం 12 మళ్లు. నాలుగు రకాలూ ఒక్కోసారి వచ్చే నాలుగు మళ్ల గుంపు ఒక బ్లాకు. ఒక్కో మడి 5.4 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల పొడవు. 90 సెం.మీ. ఎడంతో 6 సాళ్లు, సాలులో 20 సెం.మీ.కు ఒక మొక్క. మళ్ల మధ్య మీటరు బాట వదిలినా నాలుగు గుంటల్లోపే సరిపోతుంది.

మీది వాలు చేను కదా, చాలామంది బోల్తా పడేది ఇక్కడే. చెలకలో మెత్తటి మన్ను, తేమ కిందికి దిగిపోతాయి. ఒక బ్లాకులోని నాలుగు మళ్లూ ఒకే ఎత్తులో, వాలుకు అడ్డంగా ఉండాలి. బ్లాకులు మాత్రం పైనుంచి కిందికి ఒకదాని తర్వాత ఒకటి. ఏ మడిలో ఏ రకమో ప్రతి బ్లాకుకూ విడిగా చీటీలు తీయాలి. ‘మంచి రకం కదా, మంచి జాగాలో వేద్దాం’ అనుకుంటే అక్కడికి ట్రయల్ అయిపోయినట్టే.

తూకానికి అటొక సాలు, ఇటొక సాలు, ప్రతి సాలుకూ రెండు చివర్ల ఒక్కో మొక్క వదిలేయండి. మిగిలేది 3.6 x 3.6, అంటే 12.96 చదరపు మీటర్లు. అందులో 1.62 కిలోలు వస్తే హెక్టారుకు 1250 కిలోలు, ఎకరాకు ఐదు క్వింటాళ్ల పైమాట. అదే తూకాన్ని మొత్తం మడి 21.6తో భాగిస్తే ఎకరాకు మూడు క్వింటాళ్లే తేలుతుంది. ఏ విస్తీర్ణంతో భాగించారో పుస్తకంలో రాయకపోతే ఏడాది తర్వాత ఆ అంకె ఎందుకూ కొరగాదు.

అన్ని రకాలూ ఒకేరోజు కోయకండి. తొందరగా పండే పీఆర్‌జీ-176 కంది పక్కన ‘ఆశ’ అనే ఆలస్యపు రకం వేస్తే రెండూ ఒకసారి పండవు. తేమ కూడా ఒక్కలా ఉండదు, మీటరుతో చూసి 10 శాతానికి సరిచేయాలి. 16 శాతం ఉంటే తూకాన్ని 84తో గుణించి 90తో భాగించాలి. ఇంకోటి, ట్రయల్ గింజల్ని వచ్చే ఏడాది విత్తనానికి దాచొద్దు. తేనెటీగలు ఈ మడి పుప్పొడి ఆ మడికి మోస్తాయి, రకం కలిసిపోతుంది.

గుడ్డిపూలు
కంది సరే, నల్లగొండలో పత్తి వదిలేస్తే ఎట్లా? గులాబీ రంగు పురుగు లెక్క రాయడం వచ్చినవాడిని ఏ ట్రయల్‌లోనైనా పెట్టుకుంటారు. లింగాకర్షక బుట్టలో (ఆడపురుగు వాసన వచ్చే లూర్ అనే బిళ్లతో మగ పురుగుల్ని పట్టే బుట్ట) పడ్డ రెక్కల పురుగులను రోజూ పొద్దున లెక్కపెట్టి, బుట్ట ఖాళీ చేయాలి. వరుసగా మూడు రాత్రులు బుట్టకు 8 చొప్పున పడితే మందు గురించి ఆలోచించే సమయం. లూర్ గడువు దాటితే పురుగు తగ్గినట్టు అంకెలు వస్తాయి, నిజానికి తగ్గింది వాసన. అందుకే లూర్ మార్చిన తేదీ కూడా రాయాలి.

చెలకనేల
అందరికీ థ్యాంక్స్. మా దగ్గర అడవి పందుల బాధ ఉంది. ఒక మడి తొక్కేస్తే ఏం రాయాలి? పక్క మళ్ల సగటు వేయొచ్చా?

మూడు_వరసలు
వేయొద్దు. ఆ గడిలో సున్నా కూడా పెట్టొద్దు, సున్నా అంటే పంట రాలేదని అర్థం. గీత పెట్టి తేదీ, కారణం, ఎన్ని మొక్కలు పోయాయో పక్కన రాయండి. ఒక మడి పోయినా మిగతా 11తో విశ్లేషణ చేసే పద్ధతులు ఉన్నాయి. బ్లాకు మొత్తం పోతే రెండు రెప్లికేషన్లతో గట్టిగా ఏమీ చెప్పలేరు, అందుకే కంచె ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.